ఆయవ్యయములు: నిలిచియుండు ఖర్చు, నడచుచుండు ఖర్చు

ఇంటి పద్దు వ్రాయు అలవాటుగల సోదరీమణులకు ఒక సంగతి అనుభవమువలననే తెలిసియుండును. నెల ఖర్చులలో కొన్ని, మనము ఇంట నున్నను ఊరికి బోయినను, పొయ్యి వెలిగించినను వెలిగింపకున్నను, ఒక్కతీరుననే వచ్చి గుమ్మమున నిలుచును. ఇంటి అద్దె అట్టిది. పిల్లల బడి రుసుము అట్టిది. అప్పుపై చెల్లించు నెలవారీ వాయిదా అట్టిది. మరికొన్ని మనము వాడుకొన్నకొలది పెరుగును, మానుకొన్నచో తగ్గును. పండుగకు పదిమంది చుట్టములు వచ్చిరేని బియ్యపు బస్తా అడుగంటును గాని అద్దె యొక్క రూపాయియైనను పెరుగదు. మొదటి తరగతివానికి స్థిరవ్యయములనియు, రెండవ తరగతివానికి చరవ్యయములనియు వర్తకశాస్త్రమునందు పేరు.

ఇంతమాత్రమునకు ఒక శాస్త్రమేల యని కొందరికి తోచవచ్చును. కాని కళాశాలలలో కామర్సు చదువు బాలికలును, చార్టర్డు అకౌంటెన్సీ, కాస్టు అకౌంటెన్సీ పరీక్షలకు కూర్చుండు యువతులును మేనేజిమెంటు అకౌంటింగు అను భాగమునకు వచ్చునప్పటికి ఈ భేదమువద్దనే తడబడుచున్నారు. అద్దె స్థిరము, ముడిసరుకు చరము అని జాబితాలు వల్లించినంతవరకు సుఖముగనే యుండును. కరెంటు బిల్లు ఏ వరుసలో వేయవలయునని యడిగినంతనే కలము ఆగిపోవును. ఇంటిపట్టున జంతికలో, అప్పడములో, కారప్పొడులో చేసి యమ్ముకొను గృహిణులకైతే ఇది మార్కుల మాట కాదు, చేతిసొమ్ము మాట. కావున ఈ మాసము ఈ విషయమునే కొంచెము వివరముగా ముచ్చటింప దలచినాము.

మొదట నొక పాతకథ. ఇంగ్లండు దేశమున స్టాఫర్డుషైరు ప్రాంతమునందు జొసయ్య వెడ్జివుడ్ అను ప్రసిద్ధుడైన కుమ్మరి యుండెను. ఆతడు 1769లో ఎట్రూరియా యను పేర పెద్ద కర్మాగారము స్థాపించి, రాణివాసములకు బల్లలపై నుంచు పింగాణి పాత్రలు పంపుచుండెను. 1772లో ఆ దేశమున అప్పు పుట్టని గడ్డుకాలము వచ్చినది. గిరాకి తగ్గినది, సరుకు నిలువ పడినది. అప్పు డాతడు తన లెక్కలు తానే ముందు వేసికొని, ఒక్కొక్క పాత్రకు నిజముగా ఎంత పడుచున్నదని దినములతరబడి కూర్చుండి శోధించెను. ఆ శోధనలో రెండు సంగతులు బయటపడినవి. ఒకటి, గుమాస్తా యొకడు సొమ్ము కాజేయుచుండుట. అది యటుండనిండు. రెండవది మనకు కావలసినది: అచ్చులు తీయు ఖర్చు, అద్దె, గిడ్డంగి మనుష్యుల జీతములు, లెక్కలు వ్రాయువాని జీతము మున్నగునవి, పాత్రలు కొన్ని చేసినను చాల చేసినను, ఇంచుమించు ఒక్కతీరుననే యుండుట. అట్లైనచో పాత్రలు ఎక్కువగా చేసినకొలది ఒక్కొక్కదానిపై పడు ఈ భారము తగ్గును గదా! ధర దించి, జమీందారుల కొలువుకూటములను దాటి మధ్యతరగతి గృహములకు తన సరుకును చేర్చవలయునన్న ఆలోచనకు ఈ గుర్తింపు ఆతనికి బలమిచ్చినది. కాస్టు అకౌంటింగు అను పేరు వాడుకలోనికి రాక చాల పూర్వమే ఒక కుమ్మరి ఈ భేదమును కనుగొనుట మాకు మిక్కిలి ముచ్చటగా నున్నది.

ఇక మన వంటింటికి వత్తము. రాజమహేంద్రవరములోనో నల్లగొండలోనో ఒక సోదరి జంతికలు చేసి దుకాణములకు వేయుచున్నదనుకొందము. అంకెలు మేము కల్పించినవి. తీరు మాత్రము లోకములో నున్నదే. ఆమె నెలకు రూ. 6,000 అద్దెపై ఒక గది తీసికొన్నది. సహాయముగా నొక స్త్రీకి నెలకు రూ. 9,000 జీత మిచ్చుచున్నది. కరెంటు బిల్లులో పని యున్నను లేకున్నను తప్పని భాగము రూ. 1,000. దుకాణములకు సరుకు చేర్చు ఆటోకు నెలవారీ కిరాయియు, ఫోను ఖర్చును కలిసి రూ. 2,000. ఇవి యన్నియు రూ. 18,000. ఇక కిలో జంతికలకు పిండి రూ. 50, నూనె రూ. 60, గ్యాసు రూ. 15, కరెంటు రూ. 5, పొట్లము కట్టుటకు రూ. 10, వెరసి రూ. 140. (వ్యాపారమునకు వాడవలసినది 19 కిలోల సిలిండరు. ఇంటివంటకై యిచ్చు 14.2 కిలోల సిలిండరును ఇందుకు వాడుట నిబంధనలకు విరుద్ధము. ఈ సంగతి మరచి తక్కువ ధర వేసికొనువారు తరువాత చిక్కులపా లగుదురు.) ఆమె కిలో రూ. 260 చొప్పున అమ్మును. నెలకు 200 కిలోలు పోవును.

ఒక కిలో అమ్మినప్పుడెల్ల, దానిపై పడిన రూ. 140 పోగా రూ. 120 చేతిలో మిగులును. ఇది యింకను లాభము కాదు. మొదట అద్దెను, జీతమును, తక్కిన స్థిరవ్యయములను తీర్చుటకు పోవలసిన సొమ్మిది. పుస్తకములలో దీనిని కాంట్రిబ్యూషన్ అందురు. మనము మిగులు భాగమందము. 18,000ను 120చే భాగింపగా 150 వచ్చును. అనగా నెలలో 150వ కిలో అమ్మువరకు ఆమె పరులకొరకు పనిచేయుచున్నట్లే. 151వ కిలో మొదలు తనకు. దీనినే బ్రేక్ ఈవెన్ స్థితి యనియు, లాభనష్టములు లేని స్థితి యనియు చెప్పుదురు. 200 కిలోలపై ఆమెకు 50 కిలోల మిగులు, రూ. 6,000 లాభము.

ఇట్లు వేరుచేసి వ్రాసికొనక, చాలమంది చేయునది వేరు. మొత్తము ఖర్చు రూ. 46,000, దానిని 200 కిలోలచే భాగించి, కిలోకు రూ. 230 పడుచున్నదని గోడపై వ్రాసికొందురు. ఆ అంకె తప్పు కాదు. కాని అది 200 కిలోలు చేసిన నెలకు మాత్రమే చెల్లును. దానిని ఎల్లకాలమునకు చెల్లు సత్యముగా తలచుటవలననే అనర్థములు గలుగుచున్నవి.

ఆషాఢమాసము వచ్చినది, పెండ్లిండ్లు లేవు, అమ్మకము 120 కిలోలకు దిగినది. ఇప్పుడు అదే పద్ధతిని లెక్కించినచో కిలోకు రూ. 290 పడును, అమ్ముచున్నది రూ. 260కి. అయ్యో, కిలోకు 30 రూపాయలు నష్టము వచ్చుచున్నదే యని ఆమె ధరను రూ. 300 చేసినది. దుకాణదారు మొగము చిట్లించెను. గిరాకి 80 కిలోలకు పడిపోయినది. మరల లెక్కింపగా కిలోకు రూ. 365! ధర యింకను పెంచవలసియున్నట్లు కాగితముపై కనబడును. ఆ దారిని పోయిన వర్తకము నిలుచుట కష్టము. నిజమునకు 120 కిలోలు రూ. 260కే అమ్మియున్నచో మిగులు రూ. 14,400, నష్టము రూ. 3,600. ధర పెంచి 80 కిలోలు అమ్మగా మిగులు రూ. 12,800, నష్టము రూ. 5,200. ఆ నెల పని మానుకొన్నచో అద్దెయు జీతమును తప్పవు గనుక నష్టము దాదాపు రూ. 18,000. కష్టకాలమున ఈ మూడింటిలో ఏది మేలో రెండు వరుసల పద్దు చూచినవారికి తెలియును. ఒక్క అంకెను నమ్మినవారికి తెలియదు.

బాలికలు పరీక్షలో తడబడు చోటు కూడ ఇదియే. స్థిరవ్యయము మొత్తమున స్థిరము, కిలో యొక్కింటికి చరము. చరవ్యయము కిలో యొక్కింటికి స్థిరము, మొత్తమున చరము. ఈ రెండు వాక్యములను నోటితో వల్లించుటకంటె, ఒక కాగితముపై 80, 120, 200, 260 అని వరుసగా వేసికొని జంతికల లెక్క చేసి చూచుకొనుడు. ఒక పూట పని. తరువాత మరపునకు రాదు.

కరెంటు బిల్లు సంగతికి వత్తము. ఇది అటు స్థిరము కాదు, ఇటు చరము కాదు, రెండును కలిసినది. దీనిని అర్ధచర వ్యయమనియు, మిశ్రమ వ్యయమనియు వ్యవహరింతురు. మన రాష్ట్రములలో బిల్లు తీసి చూచినచో వాడిన యూనిట్లకు వేయు ఛార్జీ వేరుగను, ఫిక్స్‌డ్ ఛార్జీ వేరుగను, కస్టమర్ ఛార్జీ వేరుగను కనబడును. కాని బిల్లులోని స్థిరభాగము అంతటితో ముగియదు. గదిలో దీపము, పంఖా, నీటి మోటారు కిలోలను లెక్కించి తిరుగవు గదా! వాని యూనిట్లు కూడ మన వ్యాపారమునకు స్థిరవ్యయమే. బిల్లుపై అచ్చువేసిన పేరును జూచి వరుస నిర్ణయింపరాదు. ఏది మారిన నిది మారునని ప్రశ్నించి నిర్ణయింపవలయును.

ఈ కలగాపులగమును విడదీయుటకు పుస్తకములలో మొదట నేర్పునది గరిష్ఠ కనిష్ఠ పద్ధతి. సంవత్సరపు బిల్లులు ముందు పెట్టుకొని, ఎక్కువ సరుకు చేసిన నెలను, తక్కువ సరుకు చేసిన నెలను తీసికొందురు. మన సోదరి ఆషాఢమున 120 కిలోలు చేసినప్పుడు బిల్లు రూ. 1,600. పెండ్లిండ్ల మాసమున 260 కిలోలు చేసినప్పుడు రూ. 2,300. సరుకులో భేదము 140 కిలోలు. బిల్లులో భేదము రూ. 700. కావున కిలోకు రూ. 5. 120 కిలోలకు రూ. 600 పోగా నిలిచినది రూ. 1,000, అదియే స్థిరభాగము. పైన మేము వేసిన అంకెలు ఇట్లు వచ్చినవే.

ఇచ్చట ఒక మెలిక యున్నది. మండువేసవిలో ఒక నెల ఆమె 180 కిలోలే చేసినను, పగలంతయు పంఖాలు తిరుగుటచేత బిల్లు రూ. 2,450 వచ్చినదనుకొందము. సంవత్సరములో కెల్ల పెద్ద బిల్లు అదియే. అమాయకముగా ఆ బిల్లునే గరిష్ఠముగా తీసికొన్న బాలిక లెక్క ఎట్లగునో చూడుడు. భేదము 60 కిలోలకు రూ. 850, కిలోకు 14 రూపాయల పైచిలుకు. 120 కిలోలకు దానిని లెక్కించినచో రూ. 1,700, బిల్లేమో రూ. 1,600! స్థిరవ్యయము సున్నకంటె నూరు రూపాయలు తక్కువ యని తేలును. అనగా ఏమియు చేయక గది మూసియుంచినందుకు కరెంటు కార్యాలయమువారే మనకు ఎదురు సొమ్మిత్తురన్నమాట. ఇట్టి సంస్థ ఎచ్చటనైన నున్నచో మాకు తెలుపగోరెదము. ఎక్కువ తక్కువలు చూడవలసినది సరుకులో, బిల్లులో గాదు. చాలమందికి మార్కులు పోవుచున్నది ఈ యొక్క మాట మరచుటచేతనే.

ఈ పద్ధతి రెండు నెలలను మాత్రము నమ్మి తక్కిన పదినెలలను పారవేయును. కావున దానికంటె, గళ్లకాగితముపై పండ్రెండు నెలలను పండ్రెండు చుక్కలుగా పెట్టి చూచుట మేలు. అడ్డముగా కిలోలు, నిలువుగా రూపాయలు. చుక్కల నడుమ నొక గీత గీచినచో, అది యెడమ అంచును తాకినచోట స్థిరభాగము తెలియును. ఎంత నిటారుగా నున్నదో దానినిబట్టి చరభాగము తెలియును. వేసవి చుక్క గీతకు దూరముగా ఒంటరిగా నిలిచి, నన్ను వేరుగా చూడుమని తానే చెప్పును. చేతితో గీచిన గీత మనిషి కొకటిగా నుండును గనుక, దానిని గణితముచేత నిర్ణయించుటకు కనిష్ఠ వర్గముల పద్ధతి యున్నది. ఫ్రెంచి పండితుడు లెజాండ్రు 1805లో ధూమకేతువుల మార్గములను లెక్కించుటకై ప్రకటించిన పద్ధతి నేడు జంతికల కరెంటు బిల్లునకు పనికివచ్చుచున్నది! ఇంట కంప్యూటరున్నవారు ఎక్సెల్‌లో స్లోప్, ఇంటర్‌సెప్ట్ అను రెండు ఆజ్ఞలతో దీనిని క్షణములో సాధింపవచ్చును. ఐనను మొదట చుక్కలు పెట్టి చూడకుండ ఆజ్ఞలు వేయువారిని మేము మెచ్చజాలము. కరెంటు ధర యూనిట్లు పెరిగినకొలది మెట్లుమెట్లుగా హెచ్చును గనుక, ఆ గీత నిజముగా తిన్ననిది కాదనియు తెలిసియుండవలయును.

ఇంక ఈ విషయములోని కీలకమునకు వచ్చుచున్నాము. స్థిరము, చరము అనునవి ఖర్చు పుట్టుకతో తెచ్చుకొన్న గుణములు కావు. ఎంత సరుకునకు, ఎంత కాలమునకు, ఏ నిర్ణయముకొరకు అడుగుచున్నామో దానినిబట్టి అవి మారును. అమెరికా దేశపు అర్థశాస్త్రవేత్త జె. ఎం. క్లార్కు 1923లో ఇటువంటి ఖర్చులపై నొక పెద్ద గ్రంథమే వ్రాసెను. ఒక్కొక్క ప్రయోజనమునకు ఒక్కొక్క విధమైన ఖర్చు లెక్క వలయుననుట ఆతని ముఖ్యాభిప్రాయము. 1936లో జొనాథన్ హారిస్ అను నాతడు అమెరికా కాస్టు అకౌంటెంట్ల పత్రికలో వ్రాసిన వ్యాసమువలన, స్థిరవ్యయమును సరుకుపై పంచక ఆ నెలకే వ్రాయు పద్ధతికి ప్రచారము కలిగినది. అమ్ముడుపోక డబ్బాలో మిగిలిన జంతికలపై ఈ నెల అద్దెను కొంత రుద్ది, వచ్చు నెలకు నెట్టి, ఈ నెల లాభము వచ్చినదని సంతోషించుట తగదని దాని సారాంశముగా మనము గ్రహింపవచ్చును. మన దేశమున ఈ విద్యకై 1944లో ఏర్పడిన సంస్థకు 1959లో శాసనముద్వారా గుర్తింపు వచ్చినది. 2012 నుండి దానికి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాస్ట్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా యని పేరు.

ఉదాహరణకు మన సోదరికి ఒక పెండ్లివారు వచ్చి 60 కిలోలు కావలయును, కిలో రూ. 200 చొప్పున ఇత్తుమనిరి. గోడమీది అంకె రూ. 230. ఆ అంకెను జూచి, నష్టమునకు అమ్ముదునా యని వారిని పంపివేయుట సహజము. కాని రెండు వరుసల పద్దు వేరు చెప్పును: అద్దెయు జీతమును ఎట్లును తీరుచున్నవి; ఈ 60 కిలోలకు కొత్తగా పడునది కిలోకు రూ. 140 మాత్రమే, మిగులు కిలోకు రూ. 60, వెరసి రూ. 3,600. ఒప్పుకొనవలయును గదా?

తొందరపడరాదు. సహాయకురాలును తానును కలిసి నెలకు 240 కిలోలకంటె చేయలేరనుకొందము. 260 కావలయును. అందుకు దినమునకు రూ. 600 చొప్పున ఐదుదినములు మరియొక స్త్రీని పిలువవలయును, రూ. 3,000. ఇంతవరకు స్థిరమనుకొన్న జీతము ఇచ్చట మెట్టెక్కినది. మిగిలినది రూ. 600. మరియు ఈ రూ. 200 ధర దుకాణదారుల చెవిని బడినచో వారును అదే ధర యడుగుదురు. అందరికిని అదే ధరకు 260 కిలోలు అమ్మినచో మిగులు మొత్తము రూ. 15,600, స్థిరవ్యయములే తీరవు. కావున ఒక్క ఆర్డరునకు సరియైన లెక్క నెలంతటికి సరిపోదు. గడువు పెంచి చూచినచో స్థిరమన్నదే మిగులదు: గది ఖాళీ చేయవచ్చును, ఆటో మాన్పింపవచ్చును.

సహాయకురాలి జీతమో? దీనివద్ద కొంచెము నిలువవలయును. పాతపుస్తకములలో పనివారి కూలి చరవ్యయమని వ్రాసియుండును. అది వస్తువునకు ఇంతయని కూలి యిచ్చునప్పుడు నిజము. ఇందుకు మంచి ఉదాహరణము మన దేశముననే యున్నది. 1959 మార్చి 15వ తేదీన బొంబాయిలో జస్వంతీబెన్ పోపట్ మొదలగు ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడముల పని ప్రారంభించిరి. అదియే నేటి లిజ్జత్ పాపడ్ సంస్థ. అందలి సోదరీమణులు పిండిని ఇంటికి గొనిపోయి అప్పడములు వత్తి తెత్తురు. వత్తినకొలది వారికి వత్తుడు కూలి ముట్టును. కూలి అచ్చముగా చరవ్యయమే. ఐనను వారే సంస్థకు యజమానురాండ్రు కూడ. లాభము వచ్చినప్పుడు భాగము వారిదే. గిరాకి తగ్గిన నష్టమును భరించువారికి, గిరాకి హెచ్చిన లాభమందును పాలున్నది. ఇది న్యాయము.

లాభమున పాలు లేనివారి కూలిని చరవ్యయముగా చేయుటయే మాకు మనసొప్పని సంగతి. 2020 మార్చి 25 నుండి దేశమంతట తలుపులు మూసికొన్న దినములలో, ఇండ్లలో అంట్లు తోమి వంట చేయు స్త్రీలలో అనేకులకు జీతము ఆగిపోయినది. పని చేయలేదు గావున సొమ్ము లేదనిరి. అదే యిండ్లలో అద్దె చెల్లింపబడినది, బడి రుసుము చెల్లింపబడినది. ఆ స్త్రీ జీతమును నిన్నటివరకు ఇంటిఖర్చులో నెలసరిగా, స్థిరముగా వ్రాసికొన్నవారే, కష్టము రాగానే రెండవ వరుసలోనికి జరిపిరి. కొందరు గృహిణులు పూర్తి జీతము ఇచ్చియుండిరనియు మరువరాదు. ఖర్చును ఏ వరుసలో వేయుదుమన్నది గణితము మాత్రమే నిర్ణయింపదు. గడ్డుకాలపు నష్టము ఎవరి తలపై పడవలయునన్న నిర్ణయము అందులో ఇమిడియున్నది. మన జంతికల పద్దులో సహాయకురాలి రూ. 9,000 ను మేము స్థిరవ్యయముగా వేయుట అందుచేతనే. ఆషాఢమునకు ఆమె ఆకలి తగ్గదు.

ఒక పేరు ఇంతవరకు ఏ వరుసలోను రాలేదని చదువరులు కనిపెట్టియే యుందురు. పిండి కలిపి, నూనె మరుగుచుండగా పొయ్యి ముందు నిలుచున్న ఆ సోదరి శ్రమ ఎచ్చట? నెలకు 26 దినములు, దినమునకు 6 గంటలు అనుకొన్నను 156 గంటలు. 200 కిలోలు అమ్మిన మంచి నెలలో ఆమెకు మిగిలినది రూ. 6,000, గంటకు 38 రూపాయలు. అదే గదిలో అవే గంటలు పనిచేసిన సహాయకురాలికి గంటకు 57 రూపాయల పైన. రూ. 6,000 లాభమని మనము పేరుపెట్టినది యజమానురాలి జీతమునకైనను చాలలేదు. భార్య కూలి లెక్క యేమిటని ఇంటివారు నవ్వవచ్చును. వెడ్జివుడ్ గారి గుమాస్తా జీతము లెక్కలోనికి వచ్చినప్పుడు ఈమెది యేల రాకూడదో మాకు బోధపడకున్నది.

ఈమె శ్రమ స్థిరమా, చరమా? ఆ గంటలలో మరియొక పని, కుట్టుపనియో, పిల్లలకు ట్యూషనో చేసి సంపాదించుట కవకాశమున్నచో, అట్లు వదలుకొన్నంత సొమ్మును ఈ వ్యాపారముపై వేయవలయును. శాస్త్రములో దీనికి ఆపర్చ్యునిటీ కాస్టని పేరు. నెలకింతయని నిర్ణయించుకొన్నచో స్థిరవ్యయముల వరుసలో వ్రాసికొనవచ్చును. రూ. 9,000 వేసికొన్నచో స్థిరవ్యయములు రూ. 27,000 అగును, లాభనష్టములు లేని స్థితి 150 కిలోల నుండి 225 కిలోలకు జరుగును. 200 కిలోల నెల నష్టపు నెల యని తేలును. వినుటకు కష్టముగనే యుండును. కాని కిలో ధర రూ. 275 చేసినచో అదే 200 కిలోలతో ఆ రూ. 27,000 సరిగా తీరును. కిలోకు ఈ 15 రూపాయలు దుకాణదారుతో మాటలాడి, 200 కిలోల గిరాకి నిలిచినప్పుడు మాత్రమే ఇది చెల్లును.

పెండ్లివారి ఆర్డరు నిర్ణయింపక విడిచినాము. ఆ 60 కిలోలకై ఆమె మామూలు వేళలకు పైన 20 గంటలు పొయ్యి ముందు నిలువవలసి వచ్చిన, మిగిలిన రూ. 600 గంటకు 30 రూపాయలకు వచ్చుచున్నది. గంటకు 60 రూపాయలైన లేనిది నిలువనని యామె యనుకొన్నచో, కావలసినది రూ. 1,200, తక్కువ పడునది మరి రూ. 600, 60 కిలోలపై పంచగా కిలోకు 10 రూపాయలు. పెండ్లివారిని అడుగవలసిన ధర రూ. 210.